గాజువాక: నాలుగు ఎన్నికలు, వరసగా రెండోసారి గెలిచినవాళ్లు ఒక్కరూ లేరు

పాతగాజువాక_సెంటర్

అందరికీ నమస్కారం. వైజాగ్ సీట్ల గురించి మాట్లాడినప్పుడల్లా చర్చ తూర్పు దగ్గర మొదలై ఉత్తరం దగ్గర ఆగిపోతోంది. గాజువాక సంగతి వస్తే "పవన్ కల్యాణ్ ఓడిపోయిన సీటు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఇక్కడే పుట్టి పెరిగినవాడిని, నాకు అది చాలదు.

2008 డీలిమిటేషన్‌లో, అంటే నియోజకవర్గాల పునర్విభజనలో, పుట్టిన సీటు ఇది. అంతకుముందు మనమంతా పెందుర్తి ఓటర్లం. 2009లో ప్రజారాజ్యం నుంచి చింతలపూడి వెంకటరామయ్య, 2014లో తెలుగుదేశం నుంచి పల్లా శ్రీనివాసరావు, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి తిప్పల నాగిరెడ్డి, 2024లో మళ్లీ పల్లా. పక్కనే తూర్పులో వెలగపూడి రామకృష్ణబాబు 2009 నుంచి వరసగా నాలుగుసార్లు గెలిచారు. పశ్చిమలో గణబాబు 2014 నుంచి మూడుసార్లు. మన దగ్గర మాత్రం ఏ ఎమ్మెల్యే కూడా వరసగా రెండోసారి అసెంబ్లీకి వెళ్లలేదు.

"గాజువాక జనానికి నిలకడ లేదు" అనేవాళ్లకి నా జవాబు ఒకటుంది. నాగిరెడ్డి గారికి 2014లో 75 వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి, 21 వేలకు పైగా తేడాతో ఓడిపోయారు. 2019లో 75,292 వచ్చాయి, 16,753 తేడాతో గెలిచారు. అంటే ఆయన ఓటు ఉన్నచోటే ఉంది. మారింది ఎదుటివైపు. జనం మారిపోయారు అనే ముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

గంట్యాడ_శ్రీను

అన్నా, ఈ 75 వేల సంగతి నేనెప్పుడూ గమనించలేదు. అంటే 2019లో వైసీపీ గాలి గాజువాకలో వీచనే లేదంటారా? రాష్ట్రంలో 151 సీట్లు వచ్చిన ఏడాది కదా అది.

అంకెల_రావు

లెక్క నేను వేస్తాను. 2019లో నాగిరెడ్డి 75,292. పవన్ కల్యాణ్ 58,539. పల్లా 56,642. రెండు, మూడు స్థానాల మధ్య తేడా రెండు వేలు కూడా లేదు. ఆ ఇద్దరివీ కలిపితే 1,15,181. అంటే వైసీపీ కంటే దాదాపు 40 వేలు ఎక్కువ.

2014లో పల్లాకి 97 వేలు వచ్చాయి. అప్పుడు జనసేన పోటీలో లేదు, పవన్ టీడీపీ, బీజేపీ కూటమికి ప్రచారం చేశారు. 2019లో విడిపోయేసరికి పల్లా ఓటులోంచి 40 వేలు జారిపోయాయి. శ్రీనూ, గాలి సంగతి అడిగావు. వైజాగ్ సిటీలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ టీడీపీయే గెలిచింది ఆ ఏడాది. ఉత్తరంలో గంటా 1,944 ఓట్లతో బయటపడ్డారు, దక్షిణంలో వాసుపల్లి గణేష్‌కుమార్ నాలుగు వేల లోపు తేడాతో. నగరం వరకూ గాలి బలం అంతే. గాజువాకలో ఫ్యాను గెలిచింది ముక్కోణపు పోటీ వల్ల.

ఉక్కు_మాస్టారు

రావు గారూ, కూడికలు బాగానే ఉన్నాయి గానీ మనుషుల్ని అలా కూడలేం. 2019లో పవన్‌కి ఓటేసిన 58 వేల మందీ ఆయన నిలబడకపోతే సైకిల్‌కి వేసేవాళ్లని ఎలా అంటారు? నేను స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయినవాణ్ని. మా విభాగంలో కుర్రాళ్లలో సగం మంది జనసేన. వాళ్లలో చాలామందికి అప్పటి టీడీపీ ప్రభుత్వం మీద కోపం. పవన్ లేకపోతే ఫ్యానుకి వేసేవాళ్లూ ఉన్నారు, అసలు బూత్‌కి రానివాళ్లూ ఉన్నారు.

ఇంకో మాట. 2019లో ఆయన భీమవరంలో కూడా నామినేషన్ వేశారు. రెండు చోట్లా గెలిస్తే ఏది వదులుకుంటారు అన్నది మా క్యాంటీన్లో రోజూ చర్చే. అవతలివైపు నాగిరెడ్డి గారు ఇక్కడి మనిషి. 2009లో స్వతంత్రంగా నిలబడి రెండో స్థానం, 2014లో పార్టీ తరఫున మళ్లీ రెండో స్థానం. రెండుసార్లు ఓడినా ఊరు వదిలి వెళ్లలేదు, పెళ్లికీ చావుకీ కనబడేవారు. "ఈసారైనా పాపం ఆయనకి వేద్దాం" అన్న మాట నేను చెవులారా విన్నాను.

పాతగాజువాక_సెంటర్

మాస్టారూ, ఆ సానుభూతి నిజమైతే ఆయన ఓటు పెరగాలి కదా? పెరగలేదు. ఉన్న ఓటు చెక్కుచెదరకుండా నిలిచింది, అంతే. అదీ గొప్పే, కాదనను.

ఉక్కు_మాస్టారు

మూడో బలమైన అభ్యర్థి దిగినా చెక్కుచెదరలేదంటే దాన్ని పెరగడం కిందే లెక్కెయ్యాలి బాబూ. పవన్ లాంటి మనిషి దిగినప్పుడు అందరి ఓటూ కొంత తరగాలి. పల్లాది తరిగింది, ఈయనది తరగలేదు. ఎక్కడో కొంత పోయి, ఎక్కడో కొంత వచ్చి చేరింది. పైకి చూస్తే అంకె అదే, లోపలున్న మనుషులు వేరు.

కూర్మన్నపాలెం_లత

ఈ మాట నాకు నచ్చింది మాస్టారూ.

నేను వేరే సంగతి అడుగుతాను. అందరూ పార్టీల లెక్కలే చెబుతున్నారు. మా వీధికి ప్రచారానికి ఎవరొచ్చినా ఆడవాళ్లం అడిగేవి మూడే: ఇంటి పట్టా, ఆర్ కార్డు, బొగ్గు దుమ్ము. హౌస్ కమిటీ భూములని ఇక్కడ పిలిచే, పట్టాలు తేలని భూముల్లో ఇల్లు కట్టుకుని దశాబ్దాలు గడిచినా, అమ్ముకోవాలంటే, బ్యాంకు లోను కావాలంటే ఇబ్బందే. ఇల్లు మనదే, కాగితం మనది కాదు. ఆ కాగితం తెస్తానని అన్ని పార్టీలవాళ్లూ చెప్పారు.

ఆర్ కార్డు అంటే బయటివాళ్లకి తెలియకపోవచ్చు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలవాళ్లు భూములిచ్చారు. ఆ నిర్వాసితులకి ఇచ్చిన పునరావాస కార్డు అది, దాని మీద ఉద్యోగం ఇస్తామన్నారు. కొందరికి వచ్చింది, చాలా కుటుంబాలకి రాలేదు. కార్డు మీద పేరున్న మనిషికి వయసు దాటిపోయింది, ఇప్పుడు కొడుకులు, మనవలు అడుగుతున్నారు. ప్రతి ఎన్నికలో ఎమ్మెల్యేని మార్చడం నిలకడ లేకపోవడం కాదు. అడిగిన పని కాలేదు కాబట్టి మార్చాం.

గంట్యాడ_శ్రీను

లత గారూ, మా నాన్న అచ్చం ఇదే అంటారు.

విశాఖ_పాతకబుర్లు

కొంచెం వెనక్కి వెళ్దాం. గాజువాకకి 2009 ముందు చరిత్రే లేనట్టు మాట్లాడుతున్నారు. ఉంది, అది పెందుర్తి పేరు మీద ఉంది. పాత పెందుర్తి ఓటర్ల సంఖ్యలో రాష్ట్రంలోనే పెద్ద నియోజకవర్గాల్లో ఒకటి. ఫ్యాక్టరీలు వచ్చే కొద్దీ, జనం వచ్చి చేరే కొద్దీ అది ఉబ్బిపోయింది. ఒకవైపు పల్లెలు, ఇంకోవైపు గాజువాక కార్మిక వాడలు. ఒకే ఎమ్మెల్యే వరి రైతుకీ, ఫర్నేస్ కార్మికుడికీ జవాబు చెప్పాలి.

1989లో కాంగ్రెస్ నుంచి గుడివాడ గురునాథరావు గెలిచి మంత్రి అయ్యారు. 1994లో ఎన్టీఆర్ ప్రభంజనంలో పొత్తులో భాగంగా సీపీఐకి ఇస్తే మానం ఆంజనేయులు గెలిచారు. ఇది గుర్తుపెట్టుకోండి, కార్మిక ప్రాంతంలో ఎర్రజెండా ఎమ్మెల్యే ఉన్న రోజులవి. 1999లో టీడీపీ నుంచి గణబాబు, ఇప్పటి పశ్చిమ ఎమ్మెల్యేనే. 2004లో కాంగ్రెస్ నుంచి తిప్పల గురుమూర్తిరెడ్డి. చూశారా, అప్పుడూ ఇదే వరస. 1989 నుంచి ఏ ఎన్నికలోనూ ఒకే పార్టీ వరసగా రెండుసార్లు గెలవలేదు. పాతగాజువాక గారు 2009 నుంచి లెక్కపెట్టారు, నేను 1989 నుంచి అంటాను.

ఇంకో కొసరు. 2024లో వైసీపీ తరఫున ఇక్కడ పోటీ చేసిన గుడివాడ అమర్‌నాథ్ ఆ గురునాథరావు గారి అబ్బాయే. తాత అప్పన్న గారు కూడా పెందుర్తి ఎమ్మెల్యేగా చేశారు. పల్లా శ్రీనివాసరావు తండ్రి పల్లా సింహాచలం 1994లో పాత విశాఖపట్నం-2 నుంచి టీడీపీ ఎమ్మెల్యే. అంటే 2024 పోటీ రెండు పాత కుటుంబాల మధ్య జరిగింది. కొత్త సీటే గానీ, ఇంటిపేర్లు పాతవే.

అంకెల_రావు

పాతకబుర్లు గారికి ధన్యవాదాలు. పల్లా గురించి ఒకటి కలుపుతాను. 2009లో ఆయన ప్రజారాజ్యం తరఫున విశాఖ ఎంపీగా పోటీ చేసి పురందేశ్వరి గారి చేతిలో ఓడారు. అదే ఎన్నికలో గాజువాక అసెంబ్లీ ప్రజారాజ్యానికి వచ్చింది. పక్కన భీమిలి, పెందుర్తి కూడా ప్రజారాజ్యమే. చిరంజీవి పార్టీకి రాష్ట్రం మొత్తం మీద వచ్చినవి 18 సీట్లు. అందులో మూడు ఈ నగరం అంచున ఉన్నవే. దక్షిణంలో ద్రోణంరాజు శ్రీనివాస్ కేవలం 341 ఓట్లతో గట్టెక్కారు, లేకపోతే అక్కడా ప్రజారాజ్యమే గెలిచేది. పదేళ్ల తరవాత పవన్ గాజువాకని ఎంచుకోవడానికి ఈ లెక్క కూడా ఒక కారణం అయ్యుంటుందని నా ఊహ.

బెంగళూరు_వైజాగీ

అయితే 2024 సంగతేంటి? 2019లో చీలిక వల్ల పోయింది, 2024లో కలవడం వల్ల వచ్చింది. ఇంతేనా కథ?

అంకెల_రావు

అంతే అయితే మెజారిటీ 40 వేల దగ్గర ఆగాలి. పల్లాకి 1,57,703 వచ్చాయి, అమర్‌నాథ్‌కి 62,468. మెజారిటీ 95,235, ఆ ఎన్నికలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ. కుప్పం, మంగళగిరి, పిఠాపురం అన్నీ దీని వెనకే. 2019లో టీడీపీ, జనసేనల ఉమ్మడి ఓటు 1,15,181 అనుకున్నాం కదా. దాని మీద ఇంకో 42 వేలు వచ్చి చేరాయి. వైసీపీ ఓటు దాదాపు 13 వేలు తగ్గింది. పొత్తు లెక్క 2019 ఓటమిని వివరిస్తుంది గానీ 2024 గెలుపుని సగం కూడా వివరించదు.

సాగర్_అగనంపూడి

ఆ మిగతా సగం స్టీల్ ప్లాంటు! ఇందులో ఆలోచించడానికేముంది? 2021 జనవరిలో నూటికి నూరు శాతం వాటా అమ్మేస్తామని కేంద్రం ప్రకటించింది. ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెంలో శిబిరం. పల్లా ఆమరణ దీక్షకి కూర్చున్నారు, పోలీసులు ఎత్తుకెళ్లి ఆసుపత్రిలో చేర్చారు. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది. ఓటు ఎటు పడుతుంది మరి?

పాతగాజువాక_సెంటర్

సాగర్, నీ ఆవేశం నాకూ ఉంది. కానీ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పు. అమ్మకం ప్రకటన 2021 జనవరి ఆఖర్లో వచ్చింది. మార్చిలో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికలు జరిగాయి, ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. 98 వార్డుల్లో వైసీపీ 58 గెలిచి మేయర్ పదవి తీసుకుంది. రెండోది, అమ్ముతామన్నది బీజేపీ ప్రభుత్వం. 2024లో పల్లా అదే బీజేపీతో పొత్తులో ఉన్నారు. ప్లాంటు మీద కోపమే ఓటయితే 95 వేల మెజారిటీ ఆ కూటమికి ఎలా వచ్చింది?

సాగర్_అగనంపూడి

జీవీఎంసీ అంటే మొత్తం నగరం అన్నా, గాజువాక ఒక్కటే కాదు. పైగా స్థానిక ఎన్నికల్లో అధికారంలో ఉన్న పార్టీకి మొగ్గు ఎప్పుడూ ఉంటుంది. రెండో ప్రశ్నకి మా వీధిలో జనం అన్నది చెబుతాను: "కేంద్రంలో చెప్పగలిగినవాడు ఉంటే అమ్మకం ఆపొచ్చు." కేంద్రంతో గొడవ పడేవాడి కంటే కేంద్రంలో కూర్చున్నవాడు పనికొస్తాడని నమ్మారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు కదా, అప్పుడు ఆ నమ్మకం వమ్ము కాలేదనే అనిపించింది.

ఉక్కు_మాస్టారు

ప్యాకేజీ వచ్చింది, నిజమే. అమ్మకం నిర్ణయం రద్దు చేశామని మాత్రం కేంద్రం ఆ రోజు అనలేదు. కాంట్రాక్టు కార్మికుల్ని తీసేయడం చూశాం, జీతాలు ఆలస్యం అవడం చూశాం. ప్లాంటు పూర్తిగా నిలబడిందని నేను ఇంకా అనలేను. నలభై ఏళ్ల జీవితం అందులో పెట్టినవాణ్ని, ఓట్ల మాటల్లో అది ఒక పాయింటుగా మిగిలిపోతే బాధగా ఉంటుంది.

వేదిక_నిర్వాహకులు

పార్టీ కార్యకర్తల మధ్య తిట్లున్న కొన్ని పోస్టులు తీసేశాం. కులాల వారీ ఓట్ల "అంచనాలు" కూడా తొలగించాం, దేనికీ ఆధారం లేదు. ఎన్నికల సంఘం అంకెలు, స్వయంగా చూసిన విషయాలు రాయండి.

పోలింగ్_ఏజెంట్

స్వయంగా చూసిందే రాస్తాను. 2019లో నేను ఒక పార్టీ తరఫున కౌంటింగ్ ఏజెంట్‌ని, ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. ఇనప జాలీకి ఇటువైపు మేం, అటువైపు బల్ల మీద కంట్రోల్ యూనిట్. సీలు చూపించి, రిజల్ట్ బటన్ నొక్కుతారు. తెర మీద అభ్యర్థి నంబరు, ఓట్లు ఒకటొకటిగా వస్తాయి. గబగబా రాసుకోవాలి. పోలింగ్ రోజున ఇచ్చిన 17సి కాగితం మా చేతిలో ఉంటుంది, అందులోని మొత్తం ఓట్లు, మెషిన్ చూపించే మొత్తం ఒకటేనా అని ముందు సరిచూసుకోవాలి.

మొదటి రెండు మూడు బూత్‌లు అయ్యేసరికే నాకు అర్థమైపోయింది. నా బల్ల మీద ఫ్యాను దాదాపు ప్రతి బూత్‌లోనూ ముందే ఉంది, అలాగని పెద్ద తేడా ఏమీ కాదు. రెండో స్థానం మాత్రం మారుతూ వచ్చింది. ఒక బూత్‌లో గ్లాసు, పక్క బూత్‌లో సైకిల్. నా పక్కన జనసేన కుర్రాడు, ఇటుపక్క టీడీపీ ఆయన. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూసుకుంటున్నారు. మధ్యాహ్నానికి ఆ ఇద్దరూ కలిసి కూడికలు మొదలుపెట్టారు. "మనం కలిసుంటే ఈ రౌండ్లో ఎంత?" అని టీడీపీ ఆయన అడిగాడు. కుర్రాడు జవాబు చెప్పలేదు, కాగితం తిప్పి వెనకవైపు కూడడం మొదలుపెట్టాడు. రావు గారు ఇందాక వేసిన లెక్క ఆ రోజు కౌంటింగ్ హాల్లోనే వేశారు.

కూర్మన్నపాలెం_లత

ఏజెంటు గారూ, ఇలాంటివి ఇంకా రాయండి. 2024లో కూడా వెళ్లారా?

పోలింగ్_ఏజెంట్

వెళ్లలేదమ్మా, ఆరోగ్యం బాగోలేక ఇంట్లోనే టీవీ చూశాను. కానీ వైసీపీ వైపు ఏం జరిగిందో ఊళ్లో అందరికీ తెలుసు. సిట్టింగ్ నాగిరెడ్డి గారికి టికెట్ లేదు. నియోజకవర్గ ఇన్‌చార్జిని మార్చారు, మళ్లీ మార్చి ఎన్నికల ముందు అమర్‌నాథ్‌ని తెచ్చారు. ఆయన అప్పట్లో అనకాపల్లి ఎమ్మెల్యే, మంత్రి. పాత క్యాడర్‌కి కొత్త మనిషితో కలవడానికి టైము దొరకలేదు. రావు గారు చెప్పిన ఆ తగ్గిన 13 వేలలో ఇది కొంత ఉంటుంది.

పాతగాజువాక_సెంటర్

ఇది ఒప్పుకుంటాను. రెండు ఎన్నికల్లో చెక్కుచెదరని 75 వేలు అభ్యర్థి మారగానే 62 వేలయ్యాయి. అంటే ఆ ఓటులో పార్టీది ఎంతో, ఆ మనిషిది ఎంతో కొంత తెలుస్తోంది.

బెంగళూరు_వైజాగీ

2019 విశాఖ ఎంపీ ఫలితం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నగరంలో నాలుగు ఎమ్మెల్యే సీట్లు టీడీపీవి, ఎంపీ మాత్రం వైసీపీ. టీడీపీ అభ్యర్థి శ్రీభరత్ 4,414 ఓట్లతో ఓడిపోయారు. జనసేన నుంచి లక్ష్మీనారాయణ గారికి 2 లక్షల 88 వేలు వచ్చాయి. ఐదేళ్లకి అదే శ్రీభరత్ 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. గాజువాకలో జరిగిందే పెద్ద సైజులో జరిగింది.

విశాఖ_పాతకబుర్లు

ఎస్.కోట, భీమిలి, గాజువాక మూడూ ఆ ఏడాది వైసీపీవే, ఆ మూడింటి ఆధిక్యం కూడా ఎంపీ ఓట్లలో కలిసింది. అన్నట్టు ఈ పార్లమెంటు సీటు ఎప్పుడూ సొంత దారిదే. 1952లో స్వతంత్రుడు లంకా సుందరం. 1967లో, ఉక్కు ఉద్యమం జరిగిన మరుసటి ఏడాది, మళ్లీ స్వతంత్రుడే, తెన్నేటి విశ్వనాథం. సాగర్ గారూ, ప్లాంటు కోసం జనం ఓటు వేసిన ఎన్నిక చూపించమంటే నేను 2024 కంటే ముందు 1967ని చూపిస్తాను.

గంట్యాడ_శ్రీను

మా బూత్‌లో ఎవరికి ఎన్ని వచ్చాయో చూడొచ్చా? 2019కీ 2024కీ పోల్చి ఇక్కడ పెడతాను.

అంకెల_రావు

చూడొచ్చు శ్రీనూ. ఫారం 20 అని ఉంటుంది, పోలింగ్ కేంద్రాల వారీగా ఓట్లన్నీ అందులో ఉంటాయి. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గం ఎంచుకుంటే పీడీఎఫ్ వస్తుంది. ఒక జాగ్రత్త: ఎన్నికకీ ఎన్నికకీ పోలింగ్ కేంద్రాల నంబర్లు మారుతుంటాయి, కొత్తవి చేరుస్తారు, పెద్దవాటిని విడగొడతారు. కాబట్టి నంబరు పెట్టి పోల్చకు. రెండు సంవత్సరాల పోలింగ్ కేంద్రాల జాబితాలూ తీసుకుని స్కూలు పేరు, గది, పరిధిలోని వీధులు చూసి జత చెయ్యి. పోస్టల్ ఓట్లు చివర్లో విడిగా ఉంటాయి, వాటిని బూత్‌ల మొత్తంలో కలపకు. మీ పెదగంట్యాడ బూత్‌లు నువ్వు చెయ్యి, పాతగాజువాకవి నేను మొదలుపెట్టాను.

కూర్మన్నపాలెం_లత

మా వైపు బూత్‌లు నేను చూస్తాను. హౌస్ కమిటీ కాలనీల బూత్‌లకి పక్కన గుర్తు పెడతాను, పట్టాల సంగతి ఓటులో కనబడుతుందో లేదో తెలుస్తుంది.